నలభై పాటల మధ్య ఒక తండ్రి

ఈ నెల శీర్షికలో పాటల గురించి ముచ్చటించుకుందాము. అవి మన ఆకాశవాణిలో వినిపించే పాటలు కావు. అమెరికా దేశపు రాక్ సంగీతానికి చెందినవి. రాక్ అనగానే "ఆ గోల మనకెందుకండీ" అనుకొనే పాఠకులు మనలో చాలామంది ఉన్నారని ఎరుగుదుము. మేమూ ఒకప్పుడు ఆ పక్షం వారమే. కనుక ఆ పక్షం వారికే ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో సంగీతం ఎంత ఉన్నదో, ఒక ఫ్యాక్టరీ కార్మికుడూ అతని కుమారుడూ కూడా అంతే ఉన్నారు.

1990వ దశకం తొలి సంవత్సరాలలో మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతూ ఉండేవాడు. ఎంసెట్ పరీక్ష దగ్గర పడుతున్నది. ఆ సమయంలో వాడు ఎవరో స్నేహితుని వద్ద నుండి మూడు క్యాసెట్లున్న ఒక పెట్టె తెచ్చుకున్నాడు. అప్పటి నుండి మా క్వార్టర్‌లో ప్రతిరోజూ ఒకటే మాట: "కాస్త సౌండు తగ్గించరా!" ఒకనాడు రెండవ షిఫ్టు ముగించుకొని రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో ఇంటికి వచ్చాము. స్కూటరు ఆపి వరండా ఎక్కేసరికి లోపల నుండి పాటకు బదులు మాటలు వినబడుతున్నాయి. వెనుక గిటారు మెల్లగా మోగుతూ ఉంటే ఒక మనిషి ఏదో చెప్పుకుపోతున్నాడు. తండ్రి అన్న మాట, వంటగది అన్న మాట, సైన్యం అన్న మాట చెవిన పడినవి. చెప్పులు విప్పకుండా రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాము. తలుపు చప్పుడు కాగానే మా అబ్బాయి టేపు రికార్డరు ఆపివేశాడు. తిడతామనుకున్నాడు కాబోలు. మేము "చదువుకో" అని లోపలికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాము.

వాడు ఇంజనీరింగు కళాశాల హాస్టలుకు వెళ్ళిన తరువాత ఆ క్యాసెట్లు ఇంటిలోనే ఉండిపోయినవి. ఒక ఆదివారం మధ్యాహ్నం, మా శ్రీమతి నిద్రిస్తున్న సమయం చూసుకొని, ఆనాడు ఆగిపోయిన చోటు వెదికి పట్టుకొని చివరిదాకా విన్నాము. ఈ సంచికలో చెప్పదలచినది ఆ క్యాసెట్ల కథ.

ఆ గాయకుని పేరు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 1949లో న్యూజెర్సీ రాష్ట్రంలో జన్మించి, అదే రాష్ట్రంలోని ఫ్రీహోల్డ్ అనే చిన్న పట్టణంలో పెరిగినవాడు. తల్లి ఒక న్యాయవాద కార్యాలయంలో కార్యదర్శి. తండ్రి డగ్లస్ ఏ ఉద్యోగంలోనూ ఎక్కువ కాలం కుదురుకోలేదు. ఊరిలోని తివాచీల మిల్లులో పనిచేశాడు, ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, జైలు కాపలాదారుగా పనిచేశాడు, బస్సు నడిపాడు. రాత్రులు వంటగదిలో దీపం ఆర్పి ఒంటరిగా కూర్చొనే అలవాటు ఆయనకున్నదని కుమారుడు పలుమార్లు చెప్పుకున్నాడు. జుట్టు పెంచి, గిటారు భుజాన వేసుకొని తిరిగే కొడుకును చూస్తే ఆయనకు గిట్టేది కాదు.

మా ఇంటికి వచ్చిన క్యాసెట్ల పేరు 'లైవ్/1975–85'. 1986 నవంబరు 10వ తేదీన కొలంబియా సంస్థ విడుదల చేసినది. ఎల్‌పీ రికార్డులైతే ఐదు, క్యాసెట్లు లేక కాంపాక్ట్ డిస్కులైతే మూడు. మొత్తం నలభై పాటలు, సుమారు మూడున్నర గంటల సంగీతం. అంత ఖరీదైన పెట్టె అయినప్పటికీ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలోకి నేరుగా మొదటి స్థానంలోనే ప్రవేశించినది. అంతకు ముందు అటువంటి ప్రవేశం చివరిసారిగా 1976లో స్టీవీ వండర్ ఆల్బమ్‌కు దక్కినది.

స్టూడియోలో తయారైన పాటకూ సభలో పాడిన పాటకూ ఉన్న భేదం కచేరీలకు వెళ్ళే మన పాఠకులకు వివరించనక్కరలేదు. స్టూడియోలో తప్పు దొర్లితే మళ్ళీ పాడవచ్చు. సభలో ఆ వెసులుబాటు లేదు; దానికి బదులు ఎదుట మనుషులు ఉంటారు. రాక్ సంగీతంలో సభా రికార్డింగులు అంతకు ముందూ ఎన్నో వచ్చినవి. అవి అధికంగా ఒక రాత్రివో, ఒక యాత్రవో. ఒక కళాకారుని పలు సంవత్సరాల సభల నుండి ఏరి కూర్చి, వాటిని ఒక జీవితచరిత్ర వలె వినిపించడం వేరే పని. ఫ్రాంక్ జప్పా అనే మరొక అమెరికన్ సంగీతజ్ఞుడు 1988 నుండి 1992 వరకు ఆరు సంపుటాలుగా, పన్నెండు డిస్కులలో తన సభల సంకలనం వెలువరించాడు. కొన్నిచోట్ల ఒకే పాటలో ఒక సంవత్సరపు భాగాన్ని ఎన్నో ఏళ్ళ తరువాతి భాగానికి అతికించాడు. అది ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుని పద్ధతి. టామ్ పెటీ 2009లో నలభై ఎనిమిది పాటలతో తీసుకువచ్చిన సంకలనంలో కాలక్రమాన్ని కావాలనే పక్కన పెట్టాడు. పాతవీ కొత్తవీ కలగలిసి వస్తాయి. స్ప్రింగ్‌స్టీన్ తీరు ఈ రెండూ కాదు. ఆయన కథ చెప్పదలచుకున్నాడు.

కథ ఎట్లా మొదలైనదో కూడా చెప్పుకోవాలి. 1985 అక్టోబరులో ఒక దీర్ఘ యాత్ర లాస్ ఏంజిలిస్ నగరంలో ముగిసినది. ఆ సంవత్సరాంతంలో ఆయన నిర్వాహకుడు జాన్ లాండౌ ఆ నగరపు సభలలోని నాలుగు పాటలను ఒక క్యాసెట్‌పై ఎక్కించి ఆయనకు పంపాడు. సభా రికార్డింగులు విడుదల చేయడానికి అంతవరకూ సుముఖత చూపని గాయకుడు ఆ నాలుగు పాటలు విన్న మీదట మనసు మార్చుకున్నాడు. పదేళ్ళ టేపులు బయటకు తీశారు.

మొదటి పాట 'థండర్ రోడ్', 1975 అక్టోబరులో హాలీవుడ్ సమీపాన ఉన్న రాక్సీ అనే చిన్న వేదికలో పాడినది. అందులో సుమారు ఐదువందల మంది పడతారు. పియానో వెంట గొంతు ఒక్కటే నడుస్తుంది. గ్లాసుల చప్పుడు వినబడేంత దగ్గరలో శ్రోతలు ఉన్నారని తెలుస్తూనే ఉంటుంది. రెండవ క్యాసెట్ నాటికి న్యూయార్కు సమీపంలోని నసావు కొలీజియం, న్యూజెర్సీలో 1981 జూలైలో ఈయన కచేరీలతోనే ప్రారంభమైన మెడోలాండ్స్ మందిరం వస్తాయి. ఇక శ్రోతలు వేలలో ఉంటారు. మూడవ దానిలో లాస్ ఏంజిలిస్ కొలీజియం, ఒలింపిక్ క్రీడలు జరిగిన మైదానం. ఎనభై వేలకు పైగా జనం. చప్పట్ల శబ్దం ఒక్కటే వింటూ పోయినా ఒక మనిషి ఎట్లా పెద్దవాడైనాడో తెలుస్తుంది. మొదట వేళ్ళతో లెక్కపెట్టదగిన చప్పట్లు, తరువాత వర్షం, ఆపై సముద్రం.

అయితే కాలక్రమం అన్నది కొంత భ్రమ. తారీఖులు తీరికగా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. శీర్షికలో 1975 అని ఉన్నా ఆ సంవత్సరానిది ఒక్క పాటే. 1976, 1977, 1979, 1982, 1983 సంవత్సరాలవి ఒక్కటీ లేవు. చిన్న వేదికల పాటలలో ఎనిమిది 1978 జూలై 7వ తేదీ నాటి ఒకే ఒక్క రాక్సీ సభవి. నాలుగవ పాట ఆ చిన్న వేదికల నడుమ వస్తుంది కాని, పాడినది 1980 డిసెంబరు 31న పెద్ద మందిరంలో. 1985 పాటలు అయిపోయిన తరువాత చివరిగా వచ్చే 'జెర్సీ గర్ల్' 1981 జూలై నాటిది, టామ్ వెయిట్స్ రచన. మైదానంలోని సముద్రం నుండి శ్రోతను తిరిగి సొంత ఊరికి తీసుకువచ్చి వదలాలని ఆయన ఉద్దేశం. లెక్కల పుస్తకం రాసేవారు ఇది ఒప్పుకోరు. కథ చెప్పేవారు ఒప్పుకుంటారు.

ఇక తండ్రి విషయం. మూడున్నర గంటలలో ఆయన మూడుచోట్ల స్పష్టంగా కనిపిస్తాడు.

మొదటిది, అదే 1978 రాక్సీ సభ. 'గ్రోయిన్ అప్' అనే పాట నడుమ సంగీతం తగ్గించి స్ప్రింగ్‌స్టీన్ ఒక కథ చెబుతాడు. అప్పటికి తల్లిదండ్రులు కాలిఫోర్నియాలో స్థిరపడి ఉన్నారు. ఆ రాత్రి సభలోనే ఉన్నారు. తండ్రికి కొడుకు న్యాయవాది కావాలని, తల్లికి రచయిత కావాలని కోరిక. ఈ రాత్రికి మీరిద్దరూ రాక్ సంగీతంతోనే సరిపెట్టుకోవాలని కొడుకు హాస్యంగా ముగిస్తాడు. శ్రోతలు పెద్దగా నవ్వుతారు, డ్రమ్ములు అందుకుంటాయి. మన ఇళ్ళలో ఇంజనీరు, డాక్టరు అంటాము. అక్కడ న్యాయవాది, రచయిత. ఇందులో మేము నవ్వవలసినది ఏమున్నదని మొదటిసారి విన్నప్పుడు అనుకున్న మాట నిజం.

రెండవది, 1981 జూలైలో సొంత రాష్ట్రంలో పాడిన 'ఇండిపెండెన్స్ డే'. ఇందులో కథ చెప్పడం లేదు, పాటే కథ. ఇల్లు విడిచి వెళ్ళిపోతున్న కొడుకు రాత్రివేళ తండ్రితో మాట్లాడతాడు. ఇద్దరమూ ఒకే రకం మనుషులము గనుకనే ఒకే కప్పు కింద ఉండలేకపోయామని అతను గ్రహించాడు. హాస్యం పూర్తిగా పోయినది. కోపం కూడా చాలావరకు పోయినది. 1978లో నవ్వించిన గొంతేనా ఇది అనిపిస్తుంది. వేరు వేరు ఆల్బములలో, వేరు వేరు సంవత్సరాలలో విన్నవారికి ఈ మార్పు ఇంత బలంగా తెలియదు. ఒకే పెట్టెలో, గంట వ్యవధిలో వినడం వల్లనే తెలుస్తుంది. ఇటువంటి సంకలనాలు చేయగల మేలు ఇదేనని మా అభిప్రాయం.

మూడవది, మేము వరండాలో నిలబడి విన్నది. 1985 సెప్టెంబరు 30వ తేదీ, లాస్ ఏంజిలిస్ కొలీజియం. 'ది రివర్' పాటకు ముందు కొన్ని నిమిషాలపాటు ఎనభై వేల మందితో ఆయన ఇంటి సంగతి చెబుతాడు. తానూ తండ్రీ నిత్యం ఘర్షణ పడేవారు. సైన్యంలో చేరితే గాని నువ్వు మనిషివి కావు, వాళ్ళు నీ జుట్టు కత్తిరిస్తారు అని తండ్రి అనేవాడు. అది 1960వ దశకం చివరి భాగం, వియత్నాం యుద్ధకాలం. ఊరిలోని కుర్రవాళ్ళు వరుసగా వెళ్తున్నారు. తన మొదటి వాద్యబృందంలో డ్రమ్ములు వాయించిన కుర్రవాడు యూనిఫారం తొడుక్కొని ఇంటికి వచ్చి, వెళ్తున్నానని చెప్పాడు. ఆ దేశం ఎక్కడున్నదో అతనికి తెలియదు. ఆ కుర్రవాడు, బార్ట్ హేన్స్, 1967లో అక్కడే మరణించాడు. కొంతకాలానికి తనకూ పిలుపు వచ్చినది. ఇంట్లో చెప్పకుండా దాచాడు. వైద్యపరీక్షకు వెళ్ళేముందు రాత్రులు స్నేహితులతో నిద్ర లేకుండా గడిపాడు. వెళ్ళాడు, పరీక్షలో తప్పాడు.

ఇక్కడ జనం కేరింతలు కొడతారు. ఇందులో చప్పట్లు కొట్టవలసినది ఏమీ లేదని ఆయన వారిని ఆపుతాడు. ఆ స్థాయి సభలో జనాన్ని మెప్పించడానికి వచ్చిన మనిషి, వచ్చిన చప్పట్లను వద్దని తిప్పిపంపడం మేము మరెక్కడా వినలేదు.

తరువాత ఇంటికి వెళ్తాడు. తల్లిదండ్రులు వంటగదిలోనే కూర్చొని ఉంటారు. ఎక్కడికి పోయావని తండ్రి అడుగుతాడు. సైన్యం వారి పరీక్షకు అంటాడు. ఏమైనదంటే, నన్ను తీసుకోలేదంటాడు. అన్నేళ్ళు సైన్యమే నీకు తగిన శాస్తి అన్న ఆ తండ్రి అప్పుడు రెండే మాటలంటాడు, మంచిదైనదని. అంతే. నోటి వాద్యం మొదలవుతుంది, పాట వస్తుంది.

ఆనాడు మేము తలుపు చప్పుడు చేసినది ఈ రెండు మాటలు రాకముందే. తండ్రి తిట్టిన భాగం వరకే విని లోపలికి వెళ్ళాము. చాలాకాలం ఈ పాట తండ్రులను నిందించే పాట అనుకున్నాము.

ఈ పెట్టెలో ఫ్యాక్టరీల సంగతి కూడా తక్కువేమీ లేదు. న్యూజెర్సీలోని మావా పట్టణంలో ఫోర్డు సంస్థ తన కార్ల ఫ్యాక్టరీని 1980లో మూసివేసినది. పని పోయిన కార్మికుని కథే 'జానీ 99'. చమురు క్షేత్రాలలో పని దొరుకుతుందని కుటుంబంతో టెక్సాస్ చేరి అక్కడా ఏమీ దొరకని మనిషి పాట 'సీడ్స్'. అది అంతకు ముందు ఆయన ఏ ఆల్బములోనూ రాలేదు. మిల్లు మూతపడిన ఊరి గురించి, తన కొడుకుకు ఆ ఊరు చూపించే తండ్రి గురించి 'మై హోమ్‌టౌన్' ఉన్నది. 1984 సెప్టెంబరులో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీ ఎన్నికల సభలో స్ప్రింగ్‌స్టీన్ పాటలలోని ఆశావాదాన్ని పొగిడాడు. రెండు రోజుల తరువాత పిట్స్‌బర్గ్ కచేరీలో ఈయన, అధ్యక్షునికి నా ఆల్బములలో ఏది ఇష్టమో అని చమత్కరించి 'జానీ 99' పాడాడు. టౌన్‌షిప్పులలో నివసించే మనవంటి వారికి ఆ చమత్కారం అర్థం కావడానికి నిఘంటువు అవసరం లేదు.

లోపాలు లేవని కాదు. 1978 నాటి రాక్సీ సభ ఆ రాత్రే రేడియోలో ప్రత్యక్షంగా ప్రసారమైనది. ఎందరో ఇళ్ళలో టేపు చేసుకున్నారు. ఎనిమిదేళ్ళ తరువాత ఈ పెట్టె రాగానే వారు పోల్చి చూశారు. 'బ్యాక్‌స్ట్రీట్స్' అనే పాట మధ్యలో ఆ రాత్రి ఆయన అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడిన దీర్ఘమైన భాగాన్ని తొలగించినట్లు తేలినది. ఆ పాటకు అదే ప్రాణమని వారి వాదన. మేము ఆ వాదనతో ఏకీభవిస్తాము. ఒక రాగాలాపనలో నడుమ భాగాన్ని కత్తిరించి, మొదలూ చివరా కలిపి వినిపిస్తే మన కచేరీల శ్రోతలు ఒప్పుకుంటారా? కథ వేగంగా నడవాలన్న తొందరలో ఆ కథకుడు అక్కడ తన శ్రోతల ఓపికను తక్కువగా అంచనా వేశాడు. ఆ సభ మొత్తం 2018లో అధికారికంగా విడుదలైనది. మా అబ్బాయి కిందటి వేసవిలో పూణే నుండి దానిని మాకు పంపాడు. వాడికిప్పుడు ఇంటర్మీడియట్ దాటిన కూతురున్నది.

మరొక సంగతి చెప్పకపోతే పాఠకులు నొచ్చుకుంటారు. ఈ గాయకుడు మన దేశంలో పాడాడు. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనకు నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 1988లో ప్రపంచమంతటా ఇరవై కచేరీలు ఏర్పాటు చేసినది. స్ప్రింగ్‌స్టీన్‌తో పాటు స్టింగ్, పీటర్ గాబ్రియెల్, ట్రేసీ చాప్‌మన్, సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్ ఆ యాత్రలో ఉన్నారు. సెప్టెంబరు 30వ తేదీన ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో వారి కచేరీ జరిగినది. లాస్ ఏంజిలిస్‌లో తండ్రి కథ చెప్పిన రాత్రికి సరిగా మూడేళ్ళు. ఆ సంవత్సరం మేము శిక్షణ నిమిత్తం ఢిల్లీలోనే ఉన్నాము. టికెట్టు తెచ్చిస్తానని ఒక సహోద్యోగి అడిగితే ఆ గోల మాకెందుకన్నాము.

1985తో క్యాసెట్లు ముగిసినా కథ ముగియలేదు. 2016లో వెలువడిన తన ఆత్మకథలో స్ప్రింగ్‌స్టీన్ తండ్రి గురించి విపులంగా రాశాడు. ఆ చీకటి వంటగది వెనుక తీవ్రమైన మానసిక వ్యాధి ఉండేదని, ఎన్నో ఏళ్ళకు గాని వైద్యులు దానిని గుర్తించలేదని తెలిపాడు. 1990లో తనకు మొదటి బిడ్డ పుట్టడానికి కొన్ని రోజుల ముందు, చెప్పాపెట్టకుండా తండ్రి వందల మైళ్ళు కారు నడుపుకొని తన ఇంటికి వచ్చాడట. నువ్వు మమ్మల్ని బాగా చూసుకున్నావు, నేనే నిన్ను సరిగా చూసుకోలేదని ఆయన అన్నాడు. మీకు చేతనైనంత చేశారని కొడుకు జవాబిచ్చాడు. డగ్లస్ స్ప్రింగ్‌స్టీన్ 1998లో కన్నుమూశాడు. ఆ సంభాషణ జరిగినప్పుడు మైకు లేదు, టేపు లేదు.

ఈ పాటలు వినాలనుకొనే పాఠకులు మొదటే నలభై పాటలకూ కూర్చోనక్కరలేదు. ఇప్పుడు ఫోనులోనే అన్నీ దొరుకుతున్నవి. 'గ్రోయిన్ అప్', 'ఇండిపెండెన్స్ డే', 'ది రివర్' ఈ వరుసలో వింటే అరగంట కూడా పట్టదు. ఇంటిలో పిల్లలుంటే వారిని కూడా పిలవండి. 'ది రివర్' ముందు మాటల వద్దకు వచ్చినప్పుడు మాత్రం సౌండు కొంచెం పెంచండి. తండ్రి చివర అన్న ఆ రెండు మాటలను ఆయన చాలా మెల్లగా చెబుతాడు.